మార్పులు చేసిన ఇంజిన్‌లో ఇగ్నిషన్ టైమింగ్ కుదరడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

వాల్వులను తెరిచే క్యామ్ మార్చారు, సిలిండర్ల మీది హెడ్ చెక్కించారు, పెద్ద కార్బ్యురేటర్ వేశారు. ఇంత చేసినా బండి లాగడం లేదు, లేదా ఎక్కువ లోడ్ పడితే టకటకలాడుతోంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే ప్లగ్‌లో స్పార్క్ పడే క్షణాన్ని, మార్చడానికి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగం) బోల్ట్ వదులు చేసి అటూ ఇటూ తిప్పి చూడటం. ఆ పని చేయకముందే ఈ పేజీ చదవండి. ముందు కొలవండి, తర్వాతే తిప్పండి. ఇది రోజూ రోడ్డు మీద తిరిగే బండి కోసం రాసింది, రేసు బండి కోసం కాదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజిన్లకు ఎక్కువ చోటు ఇచ్చాను, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్నవాటి సంగతి చివరి వైపు ఉంది. విడిగా చెప్పని చోటల్లా డిగ్రీలంటే క్రాంక్ డిగ్రీలే.

పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ ఎందుకు పడాలి?

పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా పేలదు. ప్లగ్ దగ్గర అంటుకున్న మంట సిలిండర్ అంతా పాకడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ తాను చేరగల అత్యంత పై స్థానం, అంటే టీడీసీ, దాటి సుమారు 15 డిగ్రీలు దిగాక సిలిండర్‌లో పీడనం గరిష్ఠానికి చేరితే క్రాంక్ మీద తోపు బాగా పడుతుంది. అందుకే మంటను ముందే అంటించాలి. టీడీసీకి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతుందో అదే అడ్వాన్స్, దాన్ని తగ్గించడం రిటార్డ్.

3000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది, 6000 దగ్గర 36 డిగ్రీలు. అలాగైతే వేగం రెట్టింపైనప్పుడు అడ్వాన్స్ కూడా రెట్టింపు కావాలి కదా అనిపిస్తుంది. కానీ వేగం పెరిగేకొద్దీ లోపల గాలి సుడులు కూడా పెరుగుతాయి, మంట వేగంగా పాకుతుంది. అందుకే చాలా ఇంజిన్లలో 3000 ఆర్పీఎం వరకు అడ్వాన్స్ పెంచి, అక్కడి నుంచి అలాగే ఉంచేస్తారు.

కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకెకే సెట్ చేస్తే సరిపోదా?

ఆ అంకె ఆ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి సరిపోయింది. ఎక్కువ డ్యూరేషన్ ఉన్న, అంటే వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే, క్యామ్ వేస్తే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. ఐడిల్‌లో కాలిపోయిన పొగ కొంత మళ్లీ సిలిండర్‌లోకే వస్తుంది. ఆ పొగ కలిసిన మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఐడిల్‌లో అడ్వాన్స్ ఎక్కువ కావాలి. హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచితే కథ తిరగబడుతుంది. మిశ్రమం దట్టంగా ఉండి త్వరగా కాలుతుంది, మిశ్రమం తనంతట తానే అంటుకుని టకటకలాడే నాకింగ్ భయం పెరుగుతుంది, కాబట్టి ఫుల్ థ్రాటిల్‌లో తక్కువ అడ్వాన్స్ చాలు.

ఒకే బండిలో ఈ రెండు మార్పులూ చేస్తే ఐడిల్‌లో పెంచాలి, పైన తగ్గించాలి. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే రెండూ ఒకే వైపు జరుగుతాయి. అందుకే తిప్పుడు ఒక్కటే మందు కాదు.

మరి ఏ అంకెతో మొదలుపెట్టాలి?

సిలిండర్‌కు రెండు వాల్వులు, ప్లగ్ ఒక పక్కకు ఉన్న పాత తరహా హెడ్ అయితే ఐడిల్‌లో 10 నుంచి 14, మొత్తం అడ్వాన్స్ (ఐడిల్ అంకె, వేగంతో పెరిగేది కలిపి) 32 నుంచి 36 వరకు. పెద్ద క్యామ్ ఉంటే ఐడిల్‌లో 16, 18 కూడా అడగవచ్చు. నాలుగు వాల్వులు ఉండి ప్లగ్ నడిమధ్యలో ఉన్న హెడ్‌లో మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది, కాబట్టి మొత్తం 26 నుంచి 30 దగ్గర మొదలుపెట్టండి. టర్బో ఉంటే ప్రతి పీఎస్ఐ బూస్ట్‌కూ ఒక డిగ్రీ తగ్గించి మొదలుపెట్టడం ఒక మోటు లెక్క. ఇవన్నీ మొదటి మెట్టుకే. మీ ఇంజిన్‌కు ఎంత కావాలో దాన్ని నడిపి చూసుకోవాల్సిందే.

టైమింగ్ లైట్ చూపించింది నమ్మవచ్చా?

ఒకటో సిలిండర్‌కు స్పార్క్ పడిన ప్రతిసారీ టైమింగ్ లైట్ మెరిసి, క్రాంక్ కొసన ఉన్న పుల్లీ మీది గుర్తు ఆ క్షణంలో ఎక్కడుందో చూపిస్తుంది. లైట్‌ను నమ్మవచ్చు. అది పుల్లీ మీద చూపించే గుర్తును మాత్రం పరీక్షించకుండా నమ్మకండి. ఈ పేజీలో ఒకే ఒక్క జవాబు చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఒక నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో నేను మూడు వారాలు అవస్థ పడ్డాను. లైట్ వేస్తే 12 డిగ్రీలు చక్కగా కనిపించేది. బండి మాత్రం బరువుగా కదిలేది, ఎక్కడం వస్తే వేడెక్కేది. జెట్లు రెండుసార్లు మార్చాను, ఫ్యూయల్ పంప్ మార్చాను, కార్బ్యురేటర్ మొత్తం విప్పి కడిగాను. చివరికి పిస్టన్ స్టాప్ పెట్టి అసలు టీడీసీ ఎక్కడుందో చూస్తే పుల్లీ మీది గుర్తుకు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. చిటికెన వేలి వెడల్పు అంతే. ఆ పుల్లీ డ్యాంపర్ రకం, అంటే లోపలి భాగానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. దాని వ్యాసం 150 మిల్లీమీటర్లు, దాని మీద 12 మిల్లీమీటర్లంటే 9 డిగ్రీలు. నేను 12 అనుకుంటున్నది నిజానికి 3. డ్యాంపర్ లోపలి రబ్బరు ఎండి, బయటి రింగు జారిపోయింది. టార్చ్ వేసి చూస్తే రబ్బరు అంచున సన్నటి పగుళ్లు కనిపించాయి. మొదటి రోజే అటు చూసి ఉంటే ఆ మూడు వారాలూ మిగిలేవి.

అసలు టీడీసీ కనుక్కోవడం ఎలా?

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ప్లగ్‌లన్నీ విప్పండి, క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించండి. ఇది ప్లగ్ మరలే ఉండి, చివర గుండ్రంగా పొడుచుకొచ్చిన బోల్ట్. పిస్టన్ కిందికి ఉన్నప్పుడే దీన్ని బిగించాలి. స్పానర్‌తో క్రాంక్‌ను మెల్లగా తిప్పండి. పిస్టన్ వచ్చి స్టాప్‌కు తాకి ఆగుతుంది. అక్కడ ఆపి, టైమింగ్ ముల్లు (ఇంజిన్‌కు బిగించి ఉండే సూచిక) ఎదురుగా పుల్లీ మీద ఒక గీత గీయండి. ఇప్పుడు వెనక్కి తిప్పండి, అటు నుంచి వచ్చి తాకి ఆగిన చోట ఇంకో గీత. రెండు గీతలకూ సరిగ్గా నడిమధ్యలో ఉన్నదే అసలు టీడీసీ.

చేత్తోనే తిప్పాలి, స్టార్టర్ వాడితే పిస్టన్‌కు తూటు పడుతుంది. తాకినట్టు అనిపించగానే ఆగండి, బలం పెట్టకండి. ఈ గీతకూ పాత గుర్తుకూ తేడా కనిపిస్తే ముల్లు వంగిందా, వేరే ఇంజిన్ కవర్ బిగించారా, డ్యాంపర్ జారిందా అని వెతకండి. జారిన డ్యాంపర్‌కు కొత్త గీత గీసి వాడుకోకండి. అది మళ్లీ జారుతుంది, పూర్తిగా ఊడిపోయినా ఊడిపోతుంది. మార్చేయండి.

పుల్లీ మీద సున్నా గీత తప్ప డిగ్రీలు లేవు. ఏం చేయాలి?

టైమింగ్ టేప్ అతికించవచ్చు, కానీ మీ పుల్లీ వ్యాసానికి సరిపోయేదే అయ్యుండాలి. లేదా మీరే లెక్క కట్టుకోండి. పుల్లీ చుట్టుకొలతను టేపుతో కొలిచి 10తో భాగిస్తే 36 డిగ్రీల దూరం వస్తుంది. చుట్టుకొలత 500 మిల్లీమీటర్లయితే సున్నా నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో 36 గీత. ఏ వైపు కొలవాలన్న దగ్గర చాలామంది తడబడతారు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సున్నా కంటే ముందుగా ముల్లు దాటే గీతే అడ్వాన్స్ గీత. క్రాంక్‌ను చేత్తో తిప్పి చూస్తే సందేహం తీరుతుంది.

సెట్ చేసేటప్పుడు వరస ఏమిటి?

పాయింట్లు, అంటే తెరుచుకుని స్పార్క్ పుట్టించే స్విచ్ కొసలు, ఉన్న డిస్ట్రిబ్యూటర్ అయితే ముందు వాటి గ్యాప్. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. టైమింగ్ సెట్ చేశాక గ్యాప్ ముట్టుకుంటే పడ్డ కష్టమంతా వృథా. తర్వాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ గొట్టం పీకి, ఇంజిన్ వైపు చివరను మూసేయండి. మూయడం మరిచిపోతే గాలి లీకై ఐడిల్ పెరుగుతుంది, ఆ వేగానికి డిస్ట్రిబ్యూటర్ లోపల అడ్వాన్స్ పెంచే వెయిట్లు కదలడం మొదలెడతాయి, మీరు చదివేది ఇక ఐడిల్ అంకె కాదు.

లైట్ క్లిప్ ఒకటో సిలిండర్ వైరుకే పెట్టాలి, దాని మీది బాణం ప్లగ్ వైపు చూడాలి. పక్క వైర్లకు ఆనకుండా చూడండి. రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్క) తిరిగే దిశకు ఎదురుగా డిస్ట్రిబ్యూటర్ బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. బోల్ట్ బిగించాక మళ్లీ ఒకసారి లైట్ వేసి చూడండి. బిగించేటప్పుడు ఒకటి రెండు డిగ్రీలు జరగడం మామూలే.

ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు దాని ఎదురుగా నిలబడకండి. టైమింగ్ లైట్ వెలుగులో తిరిగే ఫ్యాన్ ఆగినట్టు కనిపిస్తుంది, చెయ్యి పెట్టేది అప్పుడే. వదులు చొక్కా వేసుకోకండి. గ్యారేజ్ తలుపు తెరిచే ఉంచండి.

ఐడిల్‌లో గుర్తు ఒక చోట నిలవడం లేదు. అటూ ఇటూ ఊగుతోంది.

ముందు ఐడిల్ వేగమే స్థిరంగా ఉందో లేదో చూడండి. వేగం ఊగితే గుర్తూ ఊగుతుంది. పెద్ద క్యామ్ వేసినప్పుడు తరచుగా జరిగేది ఇంకొకటి ఉంది. ఐడిల్‌ను 1000, 1100కు పెంచుతారు, డిస్ట్రిబ్యూటర్‌లో మెత్తటి స్ప్రింగులు ఉంటాయి, సరిగ్గా అదే వేగానికి వెయిట్లు తెరుచుకోవడం మొదలవుతుంది. వేగం కాస్త పెరిగితే అడ్వాన్స్ పెరుగుతుంది, అడ్వాన్స్ పెరిగితే వేగం ఇంకా పెరుగుతుంది. క్లచ్ నొక్కినా, గేరు వేసినా వేగం పడిపోయి ఇంజిన్ ఆగిపోతుంది. రెండు స్ప్రింగుల్లో ఒకటి కాస్త గట్టిది వేస్తే తీరుతుంది.

వేగం స్థిరంగానే ఉన్నా గుర్తు గెంతుతుంటే అది అరుగుదల. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి షాఫ్ట్‌ను పక్కకు ఊపండి. చేతికి కదలిక తెలిసిందంటే బుష్ అరిగింది. తర్వాత టైమింగ్ చైన్ చూడండి. స్పానర్‌తో క్రాంక్‌ను ఒక వైపు తిప్పి ఆపి, పుల్లీ గుర్తు చూసుకోండి. రోటర్ మీద కన్ను ఉంచి మెల్లగా వెనక్కి తిప్పండి. రోటర్ కదలకుండా పుల్లీ ఎన్ని డిగ్రీలు తిరిగిందో అదే చైన్, గేర్ల వదులు. ఆ వదులు 10 డిగ్రీలకు చేరితే టైమింగ్ సంగతి పక్కన పెట్టి చైన్ మార్చండి.

ఐడిల్‌లో బాగుంది. రెవ్ చేస్తే అడ్వాన్స్ మరీ ఎక్కువైపోతోంది.

ఇక్కడే లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది. దాని లోపలి ప్లేట్ మీద 12 అని ఉంటే క్రాంక్ దగ్గర అది 24. కంపెనీ ఐడిల్ టైమింగ్ 8 అనుకుందాం. 8, 24 కలిపితే 32, బాగానే ఉంది. మీరు కొత్త క్యామ్ కోసం ఐడిల్‌ను 16 చేశారు. ఇప్పుడు మొత్తం 40. ఐడిల్‌లో హాయిగా ఉన్న ఇంజిన్ 3000 ఆర్పీఎం దగ్గర నాకింగ్‌తో దెబ్బతింటుంది.

వెయిట్ల కదలికను తగ్గించడమే సరైన మార్గం. కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో వేర్వేరు సైజుల బుష్‌లు వేసుకునే వీలుంది, మరికొన్నిటిలో వెయిట్ల కదలికకు హద్దు పెట్టే ప్లేట్ గాడిని వెల్డ్ చేసి ఆకురాయితో రుద్ది సరిచేస్తారు. పై లెక్కలో 24ను 18కి తగ్గిస్తే మొత్తం 34. ఎంత అడ్వాన్స్ రావాలో గాడి నిర్ణయిస్తుంది, ఎంత త్వరగా రావాలో స్ప్రింగులు నిర్ణయిస్తాయి. ఈ రెండింటినీ కలిపేసి ఆలోచించకండి.

పని అయ్యాక 500 ఆర్పీఎంకు ఒకసారి చొప్పున 3500 వరకు చదివి కాగితం మీద రాసుకోండి. ఎక్కే దారిలోనూ, దిగే దారిలోనూ రాయండి. దిగేటప్పుడు అంకె వెనక్కి రాకపోతే వెయిట్లు తుప్పు పట్టో, గ్రీజు ఎండో పట్టుకుంటున్నాయని అర్థం.

వాక్యూమ్ అడ్వాన్స్ తీసేస్తేనే పవర్ వస్తుందంటున్నారు. నిజమేనా?

రోడ్డు బండికి తీసేయకండి. డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న డబ్బా ఇంజిన్ వాక్యూమ్‌తో లోపలి ప్లేట్‌ను లాగి అడ్వాన్స్ పెంచడమే వాక్యూమ్ అడ్వాన్స్. ఫుల్ థ్రాటిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ దాదాపు సున్నాకు పడిపోతుంది, అప్పుడు ఆ డబ్బా ఏ పనీ చేయదు. కాబట్టి అది పవర్ తినేయడం అనే మాటే లేదు. సగం థ్రాటిల్‌లో సాగిపోతున్నప్పుడు సిలిండర్‌లో మిశ్రమం పలుచగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది. అప్పుడు ఇంకో 10, 15 డిగ్రీలు ముందే అంటించాలి. అది ఇచ్చేది వాక్యూమ్ అడ్వాన్సే. తీసేస్తే మైలేజ్ పోతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది.

డబ్బాలో ఉండే పొర చిరిగిందేమో చూడటానికి చేతి వాక్యూమ్ పంప్ తగిలించి లాగండి. ప్లేట్ కదలాలి, పంప్ గేజీ ముల్లు పడిపోకుండా నిలవాలి. పెద్ద క్యామ్ వల్ల ఐడిల్ వాక్యూమ్ తక్కువగా ఉంటే, తక్కువ వాక్యూమ్‌కే పూర్తిగా లాగే డబ్బా కావాలి. లేదంటే ఐడిల్‌లో అది సగం లాగి, సగం వదిలి ఊగుతుంది.

ఆ టకటక నాకింగా, వాల్వుల శబ్దమా?

వాల్వుల శబ్దం ఖాళీగా రెవ్ చేసినా వినిపిస్తుంది, ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతుంది. నాకింగ్ లోడ్‌ను బట్టి వస్తుంది. పెద్ద గేరులో, తక్కువ వేగంలో, థ్రాటిల్ ఒక్కసారిగా తొక్కినప్పుడు డబ్బాలో గులకరాళ్లు గిలకరించినట్టు వినిపించి, కాలు తీయగానే ఆగిపోతుంది. అలా వినిపిస్తే వెంటనే కాలు తీయండి, 2 డిగ్రీలు వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. బిగ్గరగా ఉండే సైలెన్సర్ వేశారంటే ఆ శబ్దం మీ చెవిదాకా రాకపోవచ్చు. అందుకని ప్లగ్‌లు చూడాలి. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లచుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం బిందువులు గానీ కనిపిస్తే అది నాకింగే. ఆ మెరుపు మీ పిస్టన్ నుంచి ఊడి వచ్చింది.

అయితే నాకింగ్ ప్రతిసారీ టైమింగ్ తప్పు కాదు. కంప్రెషన్‌కు తగ్గ ఆక్టేన్ లేకపోవడం, గాలి లీకై మిశ్రమం పలుచబడటం, వేడిని నెమ్మదిగా వదిలే రకం (హాట్) ప్లగ్‌లు వాడటం, సిలిండర్‌లో మసి పేరుకోవడం కూడా కారణమే. వీటిని వదిలేసి టైమింగ్ వెనక్కి లాగుతూ పోతే నాకింగ్ ఆగుతుంది, బండి చచ్చుబడుతుంది.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్టర్ తిరగలేక మొరాయిస్తోంది.

ఐడిల్ అడ్వాన్స్ ఎక్కువైంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట పీడనం దాన్ని వెనక్కి తోస్తోంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో స్టీరింగ్ కింద ఎడమ వైపు స్పార్క్ కోసం ఒక లివర్ ఉండేది. దాన్ని రిటార్డ్‌లో పెట్టకుండా హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ ఎదురు తన్ని చేయి విరిగేది. ఇప్పుడు ఆ దెబ్బ స్టార్టర్ గేరు పళ్లు తింటున్నాయి. పరీక్ష సులువు. ఇగ్నిషన్‌కు కరెంటు ఆపి స్టార్టర్ మాత్రమే తిప్పండి. హాయిగా తిరిగితే టైమింగ్ తప్పు. అప్పుడూ ఈడుస్తుంటే బ్యాటరీ, ఎర్త్ కేబుల్, స్టార్టర్ చూడండి.

హెడర్ (ఎగ్జాస్ట్) పైపులు ఐడిల్‌లోనే ఎర్రబడుతున్నాయి.

టైమింగ్ బాగా వెనక ఉంది. మిశ్రమం కాలడం పూర్తికాకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని, మంట పైపులోకి పోతోంది. ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. రేడియేటర్ మార్చేముందు లైట్ వేసి చూడండి.

డిస్ట్రిబ్యూటర్ తీసి మళ్లీ పెట్టాక అసలు స్టార్టే కావడం లేదు, కార్బ్యురేటర్ లోంచి మంట వస్తోంది.

అది 180 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, అంటే క్రాంక్ లెక్కలో ఒక పూర్తి చుట్టు, తిరగబడి కూర్చుంది. పుల్లీ గుర్తు సున్నాకు రెండు సార్లు వస్తుంది, ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. ఒకటో ప్లగ్ తీసి రంధ్రం మీద వేలు పెట్టి, క్రాంక్‌ను చేత్తో తిప్పించండి. గాలి వేలిని తోసిందంటే అది కంప్రెషన్. అప్పుడు సున్నాకు తెచ్చి రోటర్ ఒకటో వైరు వైపు చూసేలా డిస్ట్రిబ్యూటర్ పెట్టండి. తర్వాత వైర్ల వరస. నాలుగు సిలిండర్లకు 1-3-4-2 చాలా మామూలు, అయినా మీ ఇంజిన్‌కు ఏదో చూసుకునే వేయండి.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా హై ఆర్పీఎంలో మిస్ కొడుతోంది.

క్యాప్ లోపల చూడండి. స్పార్క్ పడే క్షణంలో రోటర్ కొస క్యాప్ టెర్మినల్‌కు ఎదురుగా ఉండాలి. వేరే పికప్ (స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే సెన్సర్), వేరే క్యాప్ కలిపి వాడితే అది పక్కకు తప్పుతుంది, స్పార్క్ దూకలేక పక్క టెర్మినల్‌కు పోతుంది. పాత క్యాప్‌కు ఒకటో టెర్మినల్ పక్కన రంధ్రం చేసి, లైట్ వేసి చూస్తే రోటర్ ఎక్కడుందో కళ్ల ముందే కనిపిస్తుంది. అలాగే ఒకదాని వెంట ఒకటి మండే పక్కపక్క సిలిండర్ల వైర్లను ఆనించి కట్టకండి. ఒకదాని కరెంటు రెండోదానిలో కూడా కరెంటు పుట్టిస్తుంది. మాగ్నెటిక్ పికప్ రెండు వైర్లు తారుమారైనా టైమింగ్ నిలకడ తప్పుతుంది.

డిస్ట్రిబ్యూటర్ లేదు, ఈసీయూ ఉంది. స్క్రీన్ మీద 15 అంటోంది, లైట్ 21 చూపిస్తోంది.

లైట్ మాటే నిజం, అయితే టీడీసీ గుర్తును ముందే పరీక్షించి ఉండాలి. స్క్రీన్ మీద ఉన్నది ఈసీయూ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను ఒకే అంకె దగ్గర, 10 లేదా 15, లాక్ చేయండి. లైట్ వేసి, రెండూ ఒకటయ్యేదాకా ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ (సెన్సర్ గుర్తుకూ టీడీసీకీ మధ్య తేడా) మార్చండి. ఇది చేయకుండా మ్యాప్ (వేగం, లోడ్‌ను బట్టి అడ్వాన్స్ అంకెల పట్టిక) ముట్టుకోకండి. ఇక్కడ 6 డిగ్రీలు తప్పితే మ్యాప్‌లోని ప్రతి గడీ 6 డిగ్రీలు తప్పే.

తర్వాత లాక్‌లోనే ఉంచి 4000 వరకు రెవ్ చేయండి. గుర్తు కదలకూడదు. వేగంతో పాటు మెల్లగా జారుతుంటే ఇగ్నిషన్ ఆలస్యం సెట్టింగు గానీ, సెన్సర్ సిగ్నల్ అంచు ఎంపిక గానీ, సెన్సర్ వైర్ల పోలారిటీ గానీ తప్పు. ఒక్కసారిగా గెంతితే సెన్సర్ గ్యాప్, ట్రిగ్గర్ వీల్ వంకర, సిగ్నల్ వైరు షీల్డింగ్ చూడండి. వేస్టెడ్ స్పార్క్ కాయిల్స్ ఉంటే ప్రతి చుట్టులోనూ స్పార్క్ పడుతుంది, అడ్వాన్స్ డయల్ ఉన్న కొన్ని లైట్లు అప్పుడు రెట్టింపు అంకె చూపిస్తాయి. డయల్‌ను సున్నాలో పెట్టి పుల్లీ మీది డిగ్రీలు చదవడమే నయం.

చివరికి నా ఇంజిన్‌కు సరైన అంకె ఏదో ఎలా తేల్చుకోవాలి?

డైనో (ఇంజిన్ టార్క్ కొలిచే యంత్రం) దొరికితే ఫుల్ థ్రాటిల్‌లో రెండేసి డిగ్రీలు పెంచుతూ పోండి. టార్క్ పెరగడం ఆగిపోయిన చోట ఆగండి, అక్కడి నుంచి రెండు డిగ్రీలు వెనక్కి రండి. ఇంజిన్ నాకింగ్ వచ్చేదాకా పెంచి, అక్కడి నుంచి తగ్గించే పద్ధతి నాకు నచ్చదు. కొన్ని ఇంజిన్లలో నాకింగ్ రాకముందే టార్క్ ఆగిపోతుంది, అక్కడి నుంచి పెంచిన ప్రతి డిగ్రీ బేరింగ్‌కు, పిస్టన్‌కు బరువే.

డైనో లేకపోతే వాహనాలు తిరగని సమతలమైన మూసిన ట్రాక్ మీద, ఒకే గేరులో, 2500 నుంచి 5000 ఆర్పీఎంకు ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. పక్కన ఒకరు కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కాలి, లేదా ఈసీయూ లాగ్ వాడండి. ప్రతి సెట్టింగుకూ రెండు వైపులా నడిపి సగటు తీయండి. ఒక్కసారికి ఒక్క మార్పే. టైమింగ్ మార్చిన రోజు జెట్ ముట్టుకోకండి. ప్రతి పరుగు తర్వాత అంకె, ఇంజిన్ వేడి, పెట్రోల్ రకం రాసుకోండి. ఆ రోజు చివరి సెట్టింగుతో ఒక ప్లగ్ తీసి పింగాణీని భూతద్దం కింద చూసి, శుభ్రంగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ బాడీ నుంచి బ్లాక్ మీదికి అడ్డంగా ఒక సన్నటి తెల్ల గీత గీయండి. తర్వాత ఎప్పుడు బానెట్ ఎత్తినా అది జరిగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.